ఉదయగిరిలో ఆరువందల పద్నాలుగు రోజులు

మా రేపల్లె వైపు ఎత్తయినది ఏదైనా చూపించమంటే మంచినీళ్ళ ట్యాంకు చూపిస్తాం. నలభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నేను కొండ ఎక్కలేదు. ఉదయగిరిలో కొండ మీద పాత కోట ఉందనీ, కొండ కింద ఊళ్ళో చెక్కతో గరిటెలు చేస్తారనీ మా ఎరువుల కొట్టుకు వచ్చే లారీ డ్రైవరు చెప్పాడు. ఆ కొట్టులో సరుకు లెక్క రాయడం నా పని. 2026 జూన్ నెలాఖరులో ఐదు రోజులు సెలవు పెట్టి బయలుదేరాను. అందులో కొండకు పట్టింది ఒక్క పూట. మిగతా కాలమంతా ఒక పిల్ల పుట్టిన తేదీకి పట్టింది. అంచేత ఇది చదివి ఉదయగిరి కోట గురించి ఎక్కువ తెలుసుకోవచ్చని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

ఆత్మకూరు బస్టాండు

నెల్లూరులో దిగి ఆత్మకూరు చేరేసరికి గురువారం పొద్దున తొమ్మిదిన్నర. బస్టాండు ఎదుట దోసె తిన్నాను. ముప్పై ఐదు రూపాయలు. మా వైపు దోసె మీద అల్లం పచ్చడి అడుగుతాం. ఇక్కడ అడగకుండానే ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. మొదటి ముక్కకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. మూడో ముక్కకు అలవాటయింది.

ఉదయగిరి బస్సులో నా పక్కన ఒక ముసలావిడ, ఆమె పక్కన మనవరాలు కూర్చున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర నాలుగు బట్టల సంచులు. ముసలావిడ పేరు సువార్తమ్మ. ఊళ్ళో అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారని తర్వాత తెలిసింది, నేనూ అట్లాగే రాస్తాను. మనవరాలు షారోను ఇంటర్ రెండో ఏడాది పాసయింది. సంచుల్లో ఉన్నవి ఆ అమ్మాయి పెళ్ళి బట్టలు. పెళ్ళి జూలై రెండున, అంటే సరిగ్గా వారానికి.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి కండక్టరు ఆధార్ చూపించమన్నాడు. అవ్వ కార్డు చూసి ఆయన, "అవ్వా, డెబ్బై రెండని ఉండాదే, అన్ని లేవే నీకు" అన్నాడు.

"ఎన్నుండాయో నాకేం తెలుసు నాయనా. కార్డు రాసినోడికే తెలవాల."

షారోను కార్డు చాపినప్పుడు నా కన్ను దాని మీద పడింది. 2008 జూలై 1. తేదీ కనబడితే వారం కట్టడం నాకు అలవాటు. ఏడో తరగతితో బడి ఆగిపోయాక, పాత క్యాలెండర్లు ముందు వేసుకుని నాకు నేనే నేర్చుకున్న విద్య అది. ఏడాదికి వారం ఒకటి జరుగుతుంది, లీపు వస్తే రెండు. ఇంతకు మించి అందులో రహస్యం లేదు.

"మంగళవారం పుట్టావన్నమాట" అన్నాను.

"ఎట్టా చెప్పినావక్కా?" అని షారోను ఆశ్చర్యపోయింది. నేను చెప్పేలోగా అవ్వ అడ్డం వచ్చింది.

"మంగళారం కాదమ్మే. ఆదివారం. గుడిలో రెండో గంట కొడతా ఉంటే నా చేతుల్లో పడింది ఇది."

"ఈ తేదీ అయితే మంగళవారమేనండీ."

"నీ లెక్క నీకాడ పెట్టుకో. నా బైబిల్లో రాసుకోని ఉండాను. ఇంటికి రా, చూపిస్తాను. ఓడిపోతే ఏమిస్తావు?"

"ఉదయగిరి గరిటె ఒకటి ఇస్తాను."

"ఇస్తాది చూడు, ఈమె మా ఊరి గరిటె మాకే ఇస్తాది!" అని అవ్వ నవ్వితే ముందు సీట్లో వాళ్ళు కూడా నవ్వారు. శనివారం మధ్యాహ్నం అన్నానికి రమ్మంది. వాళ్ళ పల్లె వింజమూరు రోడ్డులో ఉంది. పందెం గెలుస్తానని నాకు నమ్మకం. ఇరవై ఏళ్ళలో వారం తప్పు చెప్పిన గుర్తు లేదు.

కొండ, గరిటె

శుక్రవారం పొద్దున ఆరింటికి కొండ ఎక్కడం మొదలుపెట్టాను. అడుగులు లెక్కపెడుతూ పోతే అలుపు తెలియదని నా అనుభవం. రెండువేల మూడువందల పది దగ్గర కుడికాలి చెప్పు తెగింది. అక్కడినుంచి లెక్క కూడా తెగింది. పైన కూలిన గోడలు, గడ్డి మొలిచిన మసీదు, విగ్రహం లేని గుడి చూశాను. రాతి మీద అరగంట కూర్చున్నాను. నలుదిక్కులా చెట్లు తక్కువ, రాళ్ళు ఎక్కువ. ఎక్కడైనా పచ్చగా కనబడితే అక్కడ బోరు ఉందని అర్థమట, దారిలో మేకలు కాస్తున్న ఆయన చెప్పాడు. దిగి వచ్చాక చెప్పు కుట్టించడానికి ఇరవై రూపాయలు పట్టింది.

గరిటెలు చేసే ఇళ్ళు వెతుక్కుంటూ పోతే ఒక అరుగు మీద నడివయసు ముస్లిం ఆవిడ ఆకురాయితో చెక్క అరగదీస్తూ కనబడింది. కొండ మీద దొరికే కర్రలు రెండు మూడు రకాలు వాడతారట. ఒక రకం తెల్లగా ఉంటుంది, ఒకటి పసుపు. రోజుకు చిన్న చెంచాలైతే పదిహేను, పెద్ద గరిటెలైతే ఆరు చేయగలనంది. పెద్దది ఎనభై రూపాయలు. బేరం ఆడితే, "దినానికి చేసే ఆరింట్లో ఒకటమ్మా ఇది" అంది. ఎనభై ఇచ్చాను.

ఆమె కూతురు ఆత్మకూరులో డిగ్రీ చదువుతోంది. "నేనైతే బడికి పోలా. పెళ్ళినాటికి నాకు ఎన్నేళ్ళో కూడా తెలీదు" అంది.

"అంచనాగా?"

"ఓణీ వేసినారు, పెళ్ళి చేసినారు. ఏళ్ళు ఎవురు లెక్కబెట్టినారు?"

ఇంతకంటే ఆమె బాధ పడలేదు, నేనూ అడగలేదు. నా పెళ్ళినాటికి నాకు పదిహేనేళ్ళ నాలుగు నెలల పదకొండు రోజులు. ఆ లెక్క నేనే కట్టుకున్నాను, అదీ పెళ్ళయిన చాలా ఏళ్ళకు.

అవ్వ ఇంట్లో

శనివారం పదకొండింటికి గరిటె కాగితంలో చుట్టుకుని వాళ్ళ పల్లెలో దిగాను. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా. పందిరి వేసేందుకు గుంటలు అప్పటికే తవ్వి ఉన్నాయి. షారోను తల్లిదండ్రులు బెంగుళూరులో కట్టుబడి పని చేస్తారు. ఏడాదిలో పది నెలలు అక్కడే. ఆ పూట వస్తారని చెప్పారు.

ముందు అన్నం పెట్టారు. సంగటి, గోగాకు పప్పు. గోగాకంటే మా గోంగూరే. సంగటి నాకు కొత్త, అన్నంలాగే నమిలాను. అవ్వ పళ్ళెం పక్కన పెట్టి మరీ నవ్వింది. "నమిలితే ఎట్టా అమ్మే? ముద్ద పప్పులో పొర్లించి మింగాల." మింగబోతే పొలమారింది. షారోను నీళ్ళిచ్చి వీపు తట్టింది.

చేతులు కడుక్కున్నాక అవ్వ పెట్టెలోంచి బైబిలు తీసింది. నల్ల అట్ట, అంచులు అరిగిపోయాయి. ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరికి పెళ్ళయినా, ఎవరు పోయినా ఆ వారం గుడిలో చదివిన భాగం పక్కన మార్జిన్లో రాయడం ఆమె అలవాటు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకున్న అక్షరాలట. అట్లాంటివి పదకొండు ఉన్నాయి. షారోనుది ఒక కీర్తన పక్కన ఉంది. "మార్చి 7 ఆదివారం. ఆడబిడ్డ. రెండో గంట."

"చూసినావా? ఆదివారం. ఈడ పెట్టు గరిటె."

గరిటె ఇచ్చాను. ఓడిపోయానని ఒప్పుకున్నాను. కానీ నా కన్ను నెల మీద ఆగింది. కార్డులో జూలై, బైబిల్లో మార్చి.

"అవ్వా, సంవత్సరం రాయలేదేం?"

"సంవత్సరం రాసేదేంది? ఏ ఏడో ఆ ఏట ఉండేవాళ్ళందరికీ తెలుసు గదా. వారమైతే మరుస్తారు, తేదీ మరుస్తారు. ఏడు ఎవురు మరుస్తారు?"

పదకొండింటిలో ఒక్కదానికీ సంవత్సరం లేదు.

షారోను పుట్టినరోజు ఇంట్లో మార్చిలోనే చేస్తారు. జూలై ఒకటి కార్డుకు మాత్రమే. ఆ తేడా ఎట్లా వచ్చిందో అవ్వే చెప్పింది. షారోను తల్లి అప్పట్లో పొగాకు కూలికి పోయేది. పిల్లను ఇంట్లో వదలడానికి లేదు. బడికి తీసుకుపోతే, ఐదు నిండితేగానీ ఒకటో తరగతిలో చేర్చుకోకూడదన్నాడు సారు. పిల్ల గడగడా అక్షరాలు చెబుతోంది. ఆయనకు జాలేసింది. "ఏదో ఒక తేదీ వేస్తానులే, బడికి రానీ" అన్నాడు. జూలై 1 వేశాడు. ఏ సంవత్సరం వేశాడో ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆయన మంచి చేశాడనే ఇప్పటికీ అనుకుంటున్నారు. నేనూ అదే అనుకుంటున్నాను. ఆ తేదీ వల్ల పిల్ల బడికి పోయింది.

"లెక్క కట్టక్కా, నేను ఏ ఏడు పుట్టినానో" అంది షారోను.

మార్చి 7 ఆదివారం ఏయే సంవత్సరాల్లో వచ్చిందో కాగితం మీద రాశాను. 2004, 2010, 2021. మధ్యలో లేదు. 2021 అయితే ఈ అమ్మాయికి ఐదేళ్ళు. అవ్వ నవ్వింది. 2004 అయితే ఇరవై రెండు. గోడమీద అమ్మానాన్నల పెళ్ళి ఫోటో ఉంది, కింద 24-5-2007 అని అచ్చు వేసి ఉంది. కాబట్టి 2004 కాదు. అవ్వ వారాలు నమ్మదగ్గవో కాదో కూడా చూడాలి. అదే పెళ్ళికి ఆమె మార్జిన్లో "గురువారం" అని రాసింది. లెక్క కట్టాను. గురువారమే.

ఇక మిగిలింది 2010. అంటే షారోనుకు పదహారేళ్ళ మూడు నెలల ఇరవై రోజులు. సారు వేసిన తేదీకి, అసలు తేదీకి మధ్య ఆరువందల పద్నాలుగు రోజులు. బడిలో చేరడానికి కలిపిన ఆ రోజులే ఇప్పుడు పెళ్ళికి పనికొస్తున్నాయి. కార్డు ప్రకారం పద్దెనిమిది నిండేది బుధవారం. పెళ్ళి గురువారం.

షారోను కాగితం చేతిలోకి తీసుకుంది. "నాకు తెలుసక్కా చిన్నదాన్నని. క్లాసులో అందరికన్నా పొట్టిదాన్ని. ఎంత చిన్నదాన్నో తెలీదు."

"పెళ్ళి నీకు ఇష్టమేనా?"

"పెళ్ళయినాక చదివిస్తామన్నారు. మా పెదనాయన కూతుర్లు ఇద్దరికీ అదే చెప్పినారు. ఒక్కతి కూడా మళ్ళీ పుస్తకం ముట్టలా." తర్వాత కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "అక్కా, డిసెంబరు ముప్పై ఒకటికి నాకు ఎంత?"

"పదహారేళ్ళ తొమ్మిది నెలల ఇరవై నాలుగు రోజులు."

ఆ అమ్మాయి ముఖం మారింది. ఆమెకు కావలసింది నర్సింగ్. ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకు పదిహేడు నిండితేనే అందులో చేర్చుకుంటారట. అసలు వయసు చెబితే పెళ్ళి ఆగుతుంది, నర్సింగూ ఒక ఏడాది ఆగుతుంది. కార్డు వయసే చెబితే సీటుకు అడ్డం లేదు, పెళ్ళికీ అడ్డం లేదు.

అంతలో ఆమె తండ్రి ఏసోబు వచ్చాడు. భార్య ఉదయగిరిలో సామాను కొంటోందట. సంచి దించకుండానే కాగితం చూసి, సంగతి విన్నాడు.

"ఏందమ్మా, నువ్వు ఆఫీసరువా?"

"కాదండీ. ఎరువుల కొట్టులో పనిచేస్తాను."

"మరి మా ఇంట్లో ఏం పని నీకు?"

"పందెం ఓడిపోయాను. గరిటె ఇవ్వడానికి వచ్చాను."

ఆయనకు నవ్వు రాలేదు. "సర్టిఫికెట్లో ఏముండాదో అదే వయసు. గవర్నమెంటే ఒప్పుకునింది. మేం పది నెల్లు బెంగుళూరులో ఉంటాం. ఈడ ముసలామె ఒకతి, పిల్ల ఒకతి. రేపు ఏదన్నా అయితే ఎవురు చెప్తారు జవాబు? నువ్వు చెప్తావా?"

దానికి నా దగ్గర అంకె లేదు. నేను లేచి వచ్చేటప్పుడు షారోను గేటు దాకా వచ్చి, "రేపు గుడికి రా అక్కా" అని మాత్రం అంది.

మూడో ప్రకటన

వాళ్ళ గుడి బాప్టిస్టులది. చిన్నది, సున్నం కొత్తగా వేశారు. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్ళు ముప్పై ఎనిమిది మంది, మగవాళ్ళు ఇరవై ఒక్కరు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలని వీళ్ళ ఆచారం. ఫలానా వారికి ఫలానా వారితో పెళ్ళి నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని. షారోనుకు రెండు ప్రకటనలు అయిపోయాయి. ఆరోజు మూడోది. ఎవరైనా ఎప్పుడైనా అభ్యంతరం చెప్పారా అని పక్కనావిడను అడిగాను. "అది అడగాల గాబట్టి అడగతారు" అంది.

పాస్టరు అయ్యగారు చదివారు. అడిగారు. అడిగేసి కాగితం మడవబోయారు. అవ్వ చాప మీద చేయి ఆనించి లేచింది. ఒక చేతిలో బైబిలు, అందులో గుర్తుగా నా కాగితం.

"అయ్యగారూ, ఈ పిల్లను నా చేతుల్తో పట్టినాను. దీనికి పదహారు. ఏడు రాయలేదు, అది నా తప్పు. ఇప్పుడు చెప్తా ఉండాను."

మగవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. ఒకాయన, "ఇన్నాళ్ళకా అవ్వా గుర్తుకొచ్చింది?" అన్నాడు.

"గుర్తు రాలేదురా, లెక్క వచ్చింది."

అయ్యగారు బైబిలు తీసుకుని మార్జిన్ చూశారు, కాగితం చూశారు. "ఏసోబూ, ఏమంటావు?"

ఏసోబు లేచాడు. ఆయన గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది. "నర్సింగ్ నర్సింగ్ అని ఏడస్తా ఉండాది గదా అయ్యగారూ, దానికి పద్దెనిమిదంట. పెళ్ళికి మాత్రం పదహారంట. ఏదో ఒకటి చెప్పమనండి దాన్ని."

కొందరు నవ్వారు. నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. ఒక మనిషికి రెండు వయసులు ఉండకూడదు.

షారోను లేచి నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది. మాట వెనకవాళ్ళకు కూడా వినబడింది.

"రెండిటికీ పదహారే నాయనా. ఈ ఏడు నర్సింగుకి అప్లికేషన్ పెట్టను. వచ్చే ఏడు పెడతాను."

ఏసోబు కూతురి వైపు చూసి కూర్చున్నాడు. అయ్యగారు ప్రకటన కాగితం జేబులో పెట్టుకున్నారు. "సర్టిఫికెట్ చూసి రెండుసార్లు చదివినాను. ఇప్పుడు విన్నాను. విన్నాక ఈ పెళ్ళి నేను చెయ్యలేను. పాట పాడదాం" అన్నారు. అందరూ పాడారు. నాకు ఆ పాట రాదు, చప్పట్లు మాత్రం కలిపాను.

తిరుగు దారి

సోమవారం పొద్దున అవ్వకు చెప్పి వచ్చి, వాళ్ళ పల్లె రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. ఏసోబు అక్కడ బీడీ కాలుస్తున్నాడు. పలకరించాలా వద్దా అని నేను ఆలోచిస్తుంటే ఆయనే అడిగాడు.

"ఇంకా ఎన్నాళ్ళు?"

"పద్దెనిమిది నిండటానికా? 2028 మార్చి ఏడుకు. పెళ్ళి అనుకున్న రోజు నుంచి లెక్కేస్తే ఆరువందల పద్నాలుగు రోజులు."

"సారు కలిపింది ఎన్నన్నావు?"

"అదీ అంతే. మధ్యలో లీపు వచ్చింది కాబట్టి సరిగ్గా కుదిరింది."

"ఆయన కలిపినన్నీ ఇప్పుడు మేం కూర్చోని గడపాలన్నమాట" అన్నాడు. బీడీ పారేశాడు. బస్సు వస్తే చెయ్యెత్తి ఆపింది మాత్రం ఆయనే.

నేను ఇల్లు చేరి ఏడు వారాలయింది. షారోను ఫోన్ చేస్తూ ఉంటుంది. తల్లి ఈసారి బెంగుళూరు పోలేదు. ఏసోబు ఒక్కడే పోయాడు, అవ్వతో ఇంకా మాట్లాడటం లేదు, షారోనుతో మాట్లాడుతున్నాడు. కార్డులో తేదీ దిద్దించడానికి ఆఫీసుకు మూడుసార్లు తిరిగారు, నాలుగోసారి రమ్మన్నారు. షారోను పొద్దునపూట ఊళ్ళో పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. పన్నెండు మంది. పెళ్ళికొడుకు వాళ్ళు కలిగిరి వైపు వేరే సంబంధం చూసుకున్నారట. ఆ పిల్ల పుట్టిన తేదీ నాకు తెలియదు. ఎవరైనా లెక్కపెట్టారో లేదో కూడా తెలియదు.

మొన్న ఫోన్లో షారోను అవ్వ బైబిలు ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కో తేదీ, వారం చదివితే నేను సంవత్సరాలు చెప్పాను, అవ్వ వాటిలో ఏదో తేల్చింది, షారోను పెన్సిలుతో పక్కన రాసింది. పదకొండూ అయ్యేసరికి గంట పట్టింది. చివర్లో అడిగింది.

"అక్కా, 2028 మార్చి ఏడు ఏ వారం?"

"మంగళవారం."

"మంగళారమా?" అంది. "ఐతే ఆ రోజు నాకు నర్సింగ్ క్లాసు ఉంటాది."